రెండు గడులు ఖాళీ

ఆపరేషన్ బాగా జరిగితే అందరూ సర్జన్‌కి దండాలు పెడతారు. నిద్రపుచ్చి, ప్రాణం కాచుకుని, మళ్లీ లేపిన మత్తు డాక్టరు మొహం ఒక్కరికీ గుర్తుండదు. ఇరవై ఆరేళ్లుగా థియేటర్ టెక్నీషియన్‌గా చూస్తున్నాను, ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా మత్తు డాక్టరమ్మకి ఆ బాధ లేదు. జూనియర్‌గా వచ్చిన మొదటిరోజు సూది పట్టుకుని ఊపిరి బిగబట్టింది. "ఊపిరి పీల్చుకో తల్లీ, పడుకోవాల్సింది పేషెంటు, నువ్వు కాదు" అన్నాను. ఆ పిల్లే ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆమె పట్టుకున్న రీసెర్చి ఒకటే: ఆపరేషన్ మధ్యలో బీపీ కాసేపు పడిపోతే, ముసలివాళ్లు లేచాక కన్నబిడ్డల్ని కూడా పోల్చుకోలేక తికమకపడతారా? తొమ్మిదేళ్లు, రెండు వేల చార్టులు. చార్టులో ఐదు నిమిషాలకో గడి, గడికో బీపీ అంకె.

డాక్టర్ల సభలో ఫలితం చెప్పాల్సిన రోజు పొద్దున్నే తన గదికి పిలిచి, కంప్యూటర్‌లో గీతలు చూపించింది. "చూడక్కా, మన మూడో థియేటర్లో బీపీ అసలు పడనే లేదు. నీ చలవే!"

పడకపోవడమేమిటి, ఎన్నిసార్లు పడిందో నాకు తెలుసు. బీపీ పడితే ఆమె మందు ఎక్కిస్తుంది, నేను సెలైన్ కోసం పరిగెడతాను. రాసే తీరిక ఎవరికి? అంతా సర్దుకున్నాక, అటూ ఇటూ ఉన్న అంకెలకి నప్పేది ఒకటి రాసేస్తాం. అందరం అంతే. అబద్ధం అని ఎవరికీ అనిపించదు.

నోరు మూసుకుంటే సరిపోయేది. ఆమెకి రావాల్సిన ప్రొఫెసర్ పదవి ఆ రీసెర్చి పేపరు మీదే వేలాడుతోంది. కానీ ఈ నోరు ఎప్పుడు ఊరుకుంది గనక! చెప్పేశాను.

"రీసెర్చి చార్టులు కూడానా అక్కా?"

"కూడానే. వందకి పైనే ఉంటాయి. నన్ను నాలుగు తిట్టు తల్లీ."

తిట్టలేదు. మంచినీళ్లు తాగి హాలుకి నడిచింది. మైకు ముందు నిలబడి, "నా తొమ్మిదేళ్ల ఫలితాన్ని నేనే నమ్మలేను" అని మొత్తం విప్పి చెప్పింది. వెనకెవరో కిసుక్కున నవ్వారు. "గడులు తర్వాత నింపనివాళ్లు చెయ్యెత్తండి" అంది. నవ్వు ఆగిపోయింది. ఒక్క చెయ్యీ లేవలేదు. ముందు వరసలో ఆమెకి పాఠం చెప్పిన పెద్దాయన తల దించుకున్నాడు.

నా కడుపు నిండిపోయింది. సొంత చెల్లెలైనా అంత గర్వపడేదాన్ని కాదేమో.

పదవి ఇంకొకరికి పోయింది. ఆమె మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది: చూడని గడి ఖాళీగా వదలాలి, అలాంటి చార్టులు విడిగా లెక్కించాలి. నాలుగేళ్లకి జవాబు వచ్చింది. అవును, తికమకపడతారు. ఇప్పుడు జూనియర్లంతా ఆమె పేపరు చదివే పరీక్షలు రాస్తున్నారు.

నాకు మాత్రం ఆ కొత్త చార్టుల్లో మొదటిదే కళ్లలో మెదులుతుంది. బీపీ ఢమాల్‌మని పడింది, పది నిమిషాలు ఇద్దరం ఉక్కిరిబిక్కిరయ్యాం. పేషెంటు కుదుటపడ్డాక నా పెన్ను దానంతటదే ఖాళీగా ఉన్న రెండు గడుల మీదికి పోయింది. బలవంతాన వెనక్కి లాక్కుని, పక్కన "చూడలేదు" అని రాశాను. ఆమె చూసి, కింద సంతకం పెట్టింది.

ఇన్నేళ్లలో నేను సరిగ్గా నింపిన మొదటి చార్టు అదే.