మలుపులో లేని కుక్క

ఊళ్ళో సగం మందికి కారు నడపడం నేర్పింది ఆయనే. తక్కిన సగం మంది ఆయన శిష్యుల వెనకాల ఇరుక్కుపోయి హారన్ కొట్టినవాళ్ళు. "నెమ్మది... నెమ్మది..." అని పొద్దస్తమానం అని అని చివరికి అదే ఆయన పేరయి కూర్చుంది. నెమ్మది మాస్టారు అంటే తప్ప ఆయన ఇల్లు పోస్ట్‌మ్యాన్‌కు కూడా తెలియదు.

ఆయన డ్రైవింగ్ స్కూలు రోడ్డు వైపు ఒక గది, దాని వెనక ఒక ఖాళీ స్థలం. గదిలో గోడనిండా ట్రాఫిక్ గుర్తుల పటాలు, బల్ల మీద చూపించడానికి ఊడదీసిన ఒక క్లచ్ ప్లేటు. అది మాస్టారి రాజ్యం. వెనక స్థలంలో ఖాళీ డ్రమ్ములు పెట్టి, వాటి చుట్టూ ఎనిమిది ఆకారంలో తిప్పిస్తూ ఆయన భార్య స్కూటర్లూ చిన్న మోటారు సైకిళ్ళూ నేర్పేది. అది ఆయన లెక్కలో పక్కవాయిద్యం. "రెండు చక్రాలదేముందే, పడకుండా ఉంటే వచ్చినట్టే," అనేవాడు. ఆమె విని ఊరుకునేది. విని ఊరుకోవడం ఆమెకు పెళ్ళినాటి నుంచీ వచ్చిన విద్య.

మాస్టారి కారులో పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. నేర్చుకునేవాడు తడబడితే ఈయన కాలు అదంతట అదే నొక్కేది. ఇరవయ్యేళ్ళుగా పక్కసీట్లో కూర్చుని ఇంకొకరి తప్పులకు బ్రేకు వేస్తూ, తను గొప్ప డ్రైవర్నని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

అలాంటి మనిషికి బావమరిది రూపంలో శని పట్టింది. భార్య తమ్ముడు ఎర్రటి స్పోర్ట్స్ బైకు కొన్నాడు. ఒక ఆదివారం భోజనాలకు చుట్టాలంతా చేరినప్పుడు దాన్ని గేటు ముందు నిలబెట్టి, "రా బావా, ఒక రౌండేసి రా," అన్నాడు. మళ్ళీ తనే, "వద్దులే, నీకెందుకు రిస్కు," అన్నాడు.

"అల్లుడుగారు ఎక్కితే బండికే నిద్రొస్తుంది నాయనా," అంది పినత్తగారు, చెయ్యి కడుక్కుంటూ. అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు. కానీ ఆ మాట ముల్లులా దిగబడిపోయింది.

నాలుగు రోజులు తిరక్కుండా ఆయన షోరూములో ఉన్నాడు. అక్కడి సేల్స్‌మ్యాన్‌కు మెడలో టై, మొహాన చిరునవ్వు, రెండూ ఉదయం షట్టరుతో పాటే ఎత్తినట్టున్నాయి. అన్నిటికంటే పెద్ద బండి దగ్గర మాస్టారు ఆగగానే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇంతకుముందు ఏం నడిపారు సార్?"

"కారు. ఇరవయ్యేళ్ళ అనుభవం."

"ఇంకేం సార్! రోడ్డు తెలుసు, రూల్సు తెలుసు."

"మోటారు సైకిల్ మాత్రం కొత్త. కొత్తవాళ్ళకి ఇది పరవాలేదా?"

"బండి తనంతట తను పరిగెత్తదు కద సార్. మీరెంత తిప్పితే అంతే వెళ్తుంది. పైగా దీన్లో వాన మోడ్ ఉంది. అది పెడితే పిల్లిలా ఉంటుంది."

"వాన లేకపోతే?"

"లేకపోయినా పెట్టుకోవచ్చు సార్. వానకి చెప్పక్కర్లేదు."

ఈ మాటే ఎవరైనా శిష్యుడు అని ఉంటే మాస్టారు గంటసేపు క్లాసు పీకేవాడు. మొదటి కారుగా పెద్ద కారు కొంటానన్న ఎంతమందిని ఆయన చెవినిల్లు కట్టుకుని పోరి ఆపలేదు! కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కాబట్టి సంతకం పెట్టేశాడు. లైసెన్సులో మోటారు సైకిలు కూడా ఉండనే ఉంది. ఎప్పుడో కారు పరీక్షకు వెళ్ళినప్పుడు, ఎవరిదో మోపెడ్ మీద ఒక చుట్టు తిరిగితే, పోనీలే పాపమని అదీ కలిపి ఇచ్చారు.

బండి ఇంటికొచ్చింది. నల్లగా, దూకబోయే జంతువులా ముందుకు వంగి ఉంది. దాంతోపాటు ఒక తోలు సూటు కూడా వచ్చింది. ఆయన తొడుక్కుని అద్దం ముందు నిలబడితే భార్య వెనక్కి తిరగమంది.

"వీపు మీద ఆ మూపురమేంటండీ?"

"గాలిని చీల్చడానికే! స్పీడులో అవసరం."

"ఎడ్లకి కూడా ఉంటుంది. అవేం చీల్చట్లేదు," అని, ఆమె నవ్వు ఆపుకుని మెల్లగా చెప్పింది. "చూడండి, నా మాట విని ఓ నెల రోజులు వెనకాల స్థలంలో చిన్న బండి మీద తిరగండి. తర్వాత ఇది ఎక్కుదురుగాని."

"నీ బ్యాచ్‌లోనా? నేనా?"

అంతే. ఆ మాట అక్కడితో తెగిపోయింది.

మొదటిసారి పడింది సిగ్నల్ దగ్గర. అది పడటమంటే పడటం కాదు. బండి ఆగింది. సీటు ఎత్తు కావడంతో ఈయన మునివేళ్ళు మాత్రమే నేలకు అందాయి. హ్యాండిల్ కాస్త పక్కకు తిరిగి ఉండగానే ముందు బ్రేకు నొక్కాడు. బండి కొద్దిగా ఒరిగింది. కాలు పెట్టబోయిన చోట రోడ్డు గుంట పడి ఉంది. ఇక అక్కణ్ణుంచి బండీ మాస్టారూ కలిసి, ఏ తొందరా లేకుండా, సాయంత్రం నీడ వాలినట్టు వాలిపోయారు. దెబ్బ తగల్లేదు. కానీ దాన్ని లేపడానికి నలుగురు కావాల్సి వచ్చింది. ఆ నలుగురిలో ముగ్గురు పాత శిష్యులు. "నెమ్మది మాస్టారూ, నెమ్మది," అన్నాడు అందులో ఒకడు, పాపం నిజంగా ప్రేమతోనే.

ఇంటికొచ్చి, "రోడ్డు మీద ఆయిల్ పడుంది," అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళు కనీసం మద్దెల ఎదురుగా ఉండగా అన్నారు. ఆ సిగ్నల్ దగ్గర ఆయిల్ చుక్క కూడా లేదు.

ఆ వచ్చిన ఆదివారమే బావమరిది తన స్నేహితుల బృందంతో ఊరి బయటకు బండ్ల మీద వెళ్తూ ఈయన్నీ పిలిచాడు. మాస్టారు వెళ్ళాడు. ముందు అయిదారు బండ్లు, తర్వాత ఈయన, ఈయన వెనక ఒక బండి మీద ఒక జంట. తిన్నటి రోడ్డు మీద అంతా బాగానే ఉంది. బాగానే ఏమిటి, చాలా బాగుంది. మణికట్టు ఇంత తిప్పితే చెట్లు గిర్రున వెనక్కి పోయాయి. పినత్తగారు ఇప్పుడు చూడాలి అనుకున్నాడు.

అప్పుడే మలుపు వచ్చింది. ముందువాళ్ళు ఒకరి వెనక ఒకరు ఒరిగి తిరిగిపోయారు. ఈయన రావాల్సిన దానికంటే వేగంగా వచ్చాడు. కుడికాలు ఇరవయ్యేళ్ళ అలవాటు కొద్దీ పక్కసీటు బ్రేకు కోసం గాలిలో వెతికింది. భయంతో చేతులు హ్యాండిల్‌ను బిగించి పట్టుకున్నాయి. బిగిసిన మణికట్టు ఇంకాస్త తిరిగింది. ఆపాలనుకున్న బండి అరుస్తూ ముందుకు దూకింది. వాన మోడ్ వల్ల జరిగిన మేలల్లా అది పులిలా కాక పెద్దపిల్లిలా దూకడమే.

రోడ్డు దిగి, కాలవ దాటి, పొద్దుతిరుగుడు చేనులో చాలా దూరం దారి చేసుకుని బండి ఒకచోట, మాస్టారు ఒకచోట ఆగారు. చేనులో పని చేసుకుంటున్న రైతు పరుగున వచ్చి, మొక్కల మధ్య వెల్లకిలా పడి ఉన్న మూపురం మనిషిని చూసి, "దారి అటు కదండీ?" అన్నాడు.

మెడ కింద ఎముక విరిగింది. ఆసుపత్రిలో భార్య మంచం పక్కన కూర్చుని, ఏమైందని అడిగింది. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. తలుపు దగ్గర బావమరిది, అతని వెనక చుట్టాలు, చుట్టాల వెనక పినత్తగారు కనిపించారు. నిజం వెనక్కి వెళ్ళిపోయింది.

"కుక్క అడ్డమొచ్చింది," అన్నాడు.

బావమరిది గదిలోకి ఒక అడుగు వేసి, "అవును, నేనూ చూశా," అన్నాడు. బావను తీసుకెళ్ళింది తనే కాబట్టి ఆ కుక్క అతనికీ అవసరమే.

సాయంత్రానికి ఆ కుక్కకు పిల్లలు పుట్టాయి. మర్నాటికి అవి కళ్ళు కూడా తెరవని పసికూనలయ్యాయి. "వాటిని తొక్కలేక బండిని చేలోకి తిప్పేశారట," అని ఊరంతా చెప్పుకుంది. జంతు సంరక్షణ సంఘం కార్యదర్శి, రిటైరయిన పెద్దమనిషి, స్వయంగా ఆసుపత్రికి వచ్చి పూలగుత్తి ఇచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. "మీ ఎముక విరగ్గొట్టుకుని మూగజీవాల్ని కాపాడారు మాస్టారూ, మీలాంటివాళ్ళు ఉండబట్టే..." అన్నాడు. పక్కనే ఉన్న భార్య పూలగుత్తి అందుకుని, "కూనలు ఏ రంగువండీ?" అని భర్తను అడిగింది. మాస్టారు కళ్ళు మూసుకుని నొప్పిగా మూలిగాడు. ఆ ఒక్క మూలుగు మాత్రం ఎముకది కాదు.

చేయి కట్టు విప్పేసరికి స్కూల్లో చేరేవాళ్ళు ఎక్కువయ్యారు. అంత దయగల మాస్టారు దగ్గర నేర్చుకోవాలని అందరికీ ఉంది. వెనక స్థలంలో మూలన, రిపేరు చేయించి తెచ్చిన నల్లబండి గుడ్డ కప్పుకుని ఉంది. దాని వంక చూస్తే మాస్టారికి చెమటలు పట్టేవి. అమ్మేద్దామని నలుగురికీ చెప్పాడు.

మొట్టమొదట కొనడానికి వచ్చింది ఆ కార్యదర్శే. వెంట ఆయన కూతురు. లాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. గుడ్డ తియ్యగానే ఆమె కళ్ళు బండి మీద పడి అక్కడే ఉండిపోయాయి.

"మా అమ్మాయికి బండి కావాలట," అన్నాడు కార్యదర్శి. "ఇంతవరకు స్కూటర్ కూడా ముట్టుకోలేదు. నేను వద్దంటున్నా. మీ బండి అయితే మీరే చెప్తారు కదా అని తీసుకొచ్చా. మీ మాట నాకు వేదం. మీరు చెప్పండి మాస్టారూ, కొత్తగా నేర్చుకునే పిల్లకి ఇది పరవాలేదా?"

డ్రమ్ముల దగ్గర ఎవరికో హ్యాండిల్ సరిచేస్తున్న భార్య చేతులు ఆగాయి. తల మాత్రం తిప్పలేదు.

మాస్టారి నోట ముందు ఒక మాట వచ్చింది: "బండి తనంతట తను పరిగెత్తదు కదండీ..." అది తన మాట కాదని, టై కట్టుకున్న మాట అని ఆయనకే తెలిసింది. ఎదురుగా ఆ పిల్ల సీటు మీద అరచెయ్యి పెట్టి నిలబడి ఉంది. బండి అరుస్తూ ముందుకు దూకిన క్షణం మళ్ళీ కళ్ళముందు నిలిచింది.

"పరవాలేదు కాదు," అన్నాడు. "ప్రమాదం. బండిలో తప్పు లేదు. చేతనైనవాళ్ళ కింద బంగారం. కానీ కొత్తవాళ్ళు తప్పు చేయకుండా నేర్చుకోలేరు. చిన్న బండి ఆ తప్పుని క్షమిస్తుంది. ఇది క్షమించదు. భయమేస్తే మనిషి గట్టిగా పట్టుకుంటాడు. పట్టుకున్నకొద్దీ ఇది ఉరుకుతుంది."

"అంటే... కుక్కలు అడ్డమొస్తే..." అన్నాడు కార్యదర్శి.

"కుక్క లేదండీ," అన్నాడు మాస్టారు. "కూనలూ లేవు. నాకు తిప్పడం రాలేదు. చేలోకి పోయాను."

కార్యదర్శి మొహంలో రంగులు మారాయి. పాపం, పూలగుత్తి ఆయన సొంత తోటలోది. మాస్టారు తలొంచుకుని నిలబడ్డాడు.

"నాకు తెలుసు," అంది కూతురు, విసుగ్గా. "ఆ రోజు మీ వెనకాల వచ్చిన బండి మీద కూర్చుంది నేనే."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"తెలిసి కూడా నాతో చెప్పలేదేమే?" అన్నాడు తండ్రి.

"ఎందుకు చెప్తాను నాన్నా? మీరు ఆయన మాట తప్ప వినరు. ఇన్నాళ్ళూ కుక్క కథ చెప్పిన మనిషి, అమ్ముకునేటప్పుడు మాత్రం నిజం చెప్తారా అని ధైర్యంగా మీతో వచ్చా. సరిగ్గా ఇవాళే చెప్పాలా మాస్టారూ?"

డ్రమ్ముల వైపు నుంచి నవ్వు వినిపించింది. మాస్టారి భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "రేపు పొద్దున నా దగ్గరకి రామ్మా. చిన్న బండి మీద మొదలుపెడదాం. దీని సంగతి తర్వాత." అని భర్త వైపు తిరిగి, అదే గొంతుతో, "మీరూ రండి," అంది.

ఆయన వెళ్ళాడు. ఊరు నవ్వింది. పూలగుత్తి విషయం తెలిసి పినత్తగారు ఫోన్ చేసి మరీ నవ్వింది. బావమరిది మాత్రం నవ్వలేదు. "నేనూ చూశా" అన్న సాక్ష్యం మెడకు చుట్టుకోవడంతో అతను కొన్నాళ్ళు అక్కగారింటి ఛాయలకే రాలేదు. స్కూల్లో చేరిన దయాపరులు కొందరు మానేశారు. మాస్టారు చిన్న బండి మీద డ్రమ్ముల చుట్టూ తిరిగాడు. ఇంజను ఆపేశాడు, పడ్డాడు, లేచాడు. తేలిగ్గా లేపగలిగిన బండి మీద పడటంలో ఇంత సుఖం ఉందని ఆయనకు అంతవరకు తెలియదు. కార్యదర్శి కూతురు ఆయన్ని మొదటి వారంలోనే దాటిపోయింది.

ఒక మధ్యాహ్నం భార్య నల్లబండి గుడ్డ తీసింది. నిలబెట్టి ఉంచితే బ్యాటరీ పాడవుతుందని, పక్కవీధి మెకానిక్ దగ్గరకు తీసుకెళ్తానంది. "జాగ్రత్త," అన్నాడు మాస్టారు. ఆమె ఎక్కి, కాస్త ముందుకీ వెనక్కీ ఊపి బరువు చూసుకుని, చప్పుడు లేకుండా గేటు దాటించింది.

పక్కవీధికి వెళ్ళిన మనిషి పొద్దువాలేదాకా రాలేదు. మాస్టారు పది సార్లు గేటు దాకా వెళ్ళాడు. చివరికి ఆమె వచ్చి, బండి ఆపి, హెల్మెట్ తీసింది. జుట్టంతా రేగి, మొహం ఎర్రగా వెలిగిపోతోంది.

"మెకానిక్ లేడు," అంది. "ఎలాగూ బ్యాటరీ ఎక్కాలి కదా అని కొంచెం ముందుకెళ్ళా."

"ఎంత ముందుకి?"

ఆమె పక్క ఊరు పేరు కాదు, దాని పక్క ఊరు పేరు చెప్పింది.

ఆయనకు కోపం రావాల్సింది. కానీ రాలేదు. ఆమె మొహం అలా ఉండగా చూసి ఎన్నాళ్ళయిందో ఆయన లెక్క వేసుకుంటున్నాడు.

"సరేలే, రేపు బండి చూసుకోడానికి ఎవరో వస్తామన్నారు. తుడిచి పెట్టు," అన్నాడు.

"వాళ్ళకి వద్దని ఫోన్ చేసి చెప్పేశా."

"అదేంటి? అమ్మేద్దామనే కదా!"

ఆమె చేతి తొడుగులు ఒక్కొక్కటే లాగి అతి శ్రద్ధగా సీటు మీద పెట్టింది.

"మీరింకా ఎనిమిదే సరిగ్గా వెయ్యట్లేదు. ఈ అమ్మకాల గొడవ మీకెందుకండీ, వెళ్ళి డ్రమ్ములు సర్దండి," అని, బండి మీద గుడ్డ తనే కప్పింది.