గంజి పెట్టిన మాస్కు

నేను ఒక పొరను. మాస్కు మడతల మధ్య దాక్కుని ఉంటాను, అందుకే నన్నెవరూ పొగడరు. పుట్టింది గుంటూరులో, ఒక కాలేజీ ప్రయోగశాలలో. చిక్కటి ద్రావణాన్ని సూదిలో పోసి వేల వోల్టుల కరెంటు తగిలిస్తే, మొన దగ్గరి బొట్టు నిలవలేక సన్నటి పోగై ఎగిరింది. దాని పక్కన పెడితే మీ వెంట్రుక మోకులా ఉంటుంది. అలాంటి పోగులు తిరిగే డ్రమ్ము మీద చిక్కులు చిక్కులుగా పడి నేనయ్యాను. గాలికి దారిస్తాను, దుమ్ముకివ్వను. నా గొప్పంతా అంతే.

నన్ను చేసిన మెహరున్నీసా మాస్కులో కుట్టించి, మిర్చి యార్డులో తొడిమలు తీసే నాంచారమ్మకిచ్చింది. ఆవిడకు ఆయాసం. మళ్లీ ఉబ్బసం తిరగబెడితే యార్డు మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. ఆ కుప్పల పక్కన కబుర్లు లేకపోతే ఆవిడకు పొద్దే గడవదు.

"జాగ్రత్తగా చూసుకోమ్మా," అని మాత్రం చెప్పింది మెహరున్నీసా. నా గురించి అంత చదివిన మనిషి, ఉతకొద్దని చెప్పడం మరిచిపోయింది.

"ఒసే వెంకాయమ్మా, ఇయ్యాల ఒక్క తుమ్ము రాలేదే!" అని నాంచారమ్మ పక్కామెతో మురిసిపోయింది. నేనూ కాస్త మురిశాను.

ఆవిడ భర్త ఏడుకొండలు యార్డు బయట ఇస్త్రీ బండి నడుపుతాడు. ఆదివారం నా మీది ఎర్రటి మరక చూసి అతని ప్రాణం ఒప్పలేదు. సబ్బు పెట్టి రుద్దాడు, పిండాడు, చిక్కటి గంజిలో ముంచాడు, ఎండబెట్టాడు. ఆపైన బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఎత్తాడు. మనుషులు ప్రేమనైనా తమకొచ్చిన పనిలోనే చూపిస్తారు. వంటవాడైతే నన్ను తాలింపు వేసేవాడు.

"చూడవే, కలెక్టరు చొక్కాలా లేదూ!"

మర్నాడు యార్డులో మిర్చి బస్తాలు గుమ్మరించారు. ఇస్త్రీ వేడికి నా పోగులు అప్పటికే కరిగి ముద్దయ్యాయి, మిగిలిన సందుల్ని గంజి పూడ్చింది. లోపలికి గాలి రాదు, చెంపల పక్క నుంచి ఘాటు దూరుతోంది. తీసెయ్యమని వెంకాయమ్మ మొత్తుకుంది.

"మా ఆయన ఇస్త్రీ చేశాడే," అంటూ నాంచారమ్మ ఓర్చుకుంది. చివరికి నన్ను లాగేసి కుప్ప మీదే ఒరిగిపోయింది.

బతికింది. ఆస్పత్రిలో మెహరున్నీసా నన్ను వెలుగుకెత్తి చూసింది.

"దీన్ని ఇస్త్రీ చేసిందెవరు?"

"నేనేనమ్మా. జాగ్రత్తగా చూసుకోమన్నారంట గదా," అని ఏడుకొండలు భోరుమన్నాడు.

ఆమె తలవంచుకుంది. మర్నాడు కొత్త మాస్కు తెచ్చింది. కానీ ఇక యార్డు వద్దేవద్దని డాక్టరు అప్పటికే తేల్చేశాడు. నాంచారమ్మ ఆ మాస్కును కాసేపు చేత్తో నిమిరి, మొగుడి ముఖానికి తగిలించింది.

"నాకిక యార్డు లేదుగా. ఈయన పొద్దస్తమానం బొగ్గు పొగలోనే గదమ్మా ఉండేది," అని, అతని వైపు తిరిగి, "ఉతికావో, చంపుతా!" అంది.

ఇప్పుడావిడ బండి దగ్గరే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. సాయంత్రం యార్డులో పని ముగిశాక వెంకాయమ్మ వచ్చి, ఆ రోజు కబుర్లు చెప్పిపోతుంది. నేను బండి మేకుకు వేలాడుతున్నాను. గంజి ఇంకా బిరుసుగానే ఉంది.