నతానియేలు దగ్గు

గుండ్లకమ్మ ఏరు పొంగి చర్చి మెట్ల దాకా నీళ్ళొచ్చిన ఏడాది అది. నీళ్ళు నిలిచి మిరపతోటలన్నీ ఉరకెత్తి, వేళ్ళు కుళ్ళి చచ్చిపోయాయి. కోతలు లేవు. తెల్లవారుజామున ఆడకూలీలను ఎక్కించుకుపోయే ఆటో రావడం మానేసింది.

అప్పుడు ఒంగోలు కాలేజీ నుంచి జ్యోతిర్మయి అనే అమ్మాయి వచ్చింది. మనుషుల నిద్ర కొలుస్తుందట. కొందరి ఒళ్ళు తనంతట తానే పెందలాడే లేస్తుందట, కొందరిది పొద్దెక్కితేగాని లేవదట. ఎవరిది ఏ రకమో ప్రశ్నలడిగి తేలుస్తుందట. అరుగు మీద నా భార్య సంతోషకుమారి, పక్కింటి గురవమ్మ కూర్చున్నారు. నేను కాస్త ఎడంగా గోతాం కుట్టుకుంటున్నాను.

"అమ్మా, రేపు పనేం లేదనుకోండి. ఎవరూ లేపరు. ఎప్పుడు లేస్తారు?"

"అనుకునేదేముందమ్మా, లేనే లేదుగా," అంది గురవమ్మ. "నేనైతే ఎండ మొహాన కొట్టిందాకా లేవను."

"మీరండీ?"

సంతోషకుమారి తడుముకోలేదు. "నతానియేలు దగ్గినప్పుడు."

నతానియేలు మా చర్చిలో గంట కొట్టే మనిషి. నా ఈడువాడే. భార్య పోయి చాలా కాలమైంది. రోజూ చీకటితోనే మా గుమ్మం ముందు నుంచి దగ్గుకుంటూ చర్చికి పోతాడు.

"అంటే గంట కొట్టగానే లేస్తారా?"

"గంట ఎనకమ్మా. దగ్గు ముందు. అది ఇనపడితే ఇంక పండుకోబుద్ధి కాదు."

గురవమ్మ పగలబడి నవ్వింది. "బావా, ఇన్నావా! ఇన్నేళ్ళూ పక్కన పండుకుంది నువ్వు, లేపేది ఆయనంట!"

సూది నా వేల్లో దిగింది.

"తాతగారూ, మరి మీరు?"

"నేను నిద్రే పోను," అన్నాను.

"ఆయన గుర్రు వీధంతా ఇనపడుద్ది, రాసుకోమ్మా," అంది నా భార్య.

ఆ పూట అన్నం సయించలేదు. ఆటో లేదు, కూలి లేదు. హాయిగా పడుకోవచ్చు. అయినా వాడి దగ్గుకే లేస్తుంది. వాడు ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటడు. గంట తాడు లాగి లాగి చేతులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఇవేవీ నా కంట పడలేదు.

"ఆ దగ్గులో ఏముందే?" అని అడిగేశాను.

"ఏముంటది? మనిషి లేచాడని తెలుస్తది. నువ్వు లేచినా నాకెట్టా తెలుస్తది? పిల్లిలా పోతావు. నోట్లోంచి ఒక్క ముక్క రాదు."

మర్నాడు చీకటితోనే లేచాను. పొయ్యి వెలిగించి, మిరియాలు, శొంఠి దంచి కషాయం కాచాను. వీధి మొదట్లో దగ్గు వినపడగానే ఎదురెళ్ళి గ్లాసు నతానియేలు చేతిలో పెట్టాను.

"ఏరా క్రీస్తుదాసూ, నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టింది?"

"తాగు."

"ఒరేయ్, గొంతు మండిపోతందిరా!"

"మొత్తం తాగు."

తాగాడు. మా గుమ్మం ముందు నుంచి చప్పుడు లేకుండా నడిచిపోయాడు.

లోపలికొచ్చాను. సంతోషకుమారి ఇంకా నిద్రలోనే ఉంది. గంట ఇంకా మోగలేదు. మంచం పక్కన నిలబడి, గొంతు సవరించుకుని, గట్టిగా దగ్గాను.