చలికి కట్టిన కవర్లు

మూడో ముడి కూడా విప్పి, లసుమవ్వ కవరులోని రాత్రి అన్నాన్ని బకెట్లోకి ఒంపింది. కోరుట్ల గల్లీల్లో చెత్తబండి వెంట తిరిగిన పద్నాలుగేళ్లలో ఆమె గోళ్లు ఇలా ముడులు విప్పడానికే అరిగిపోయాయి. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు ఇంటి దగ్గరి బర్రెకు కుడితి అవుతాయి. బూడిదరంగు కవరు మాత్రం ఎవరికీ ఏమీ కాదు.

అవి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న సామాన్ల కవర్లు, ఖాళీ అయ్యాక జనం వాటిలోనే ఎంగిలి కట్టి పారేస్తారు. ఒక దువ్వెనకు ఒక కవరు, దాని లోపల బుడగల కవరు, చుట్టూ టేపు. జగిత్యాల నుంచి వచ్చే వ్యాను ఒకే గల్లీకి రోజుకు మూడుసార్లు వస్తుంది. పట్టని చెప్పులు మళ్లీ అదే వ్యానెక్కి వెళ్లిపోతాయి, రాజాల్లా. గల్లీ మొదట్లో జైపాల్ కిరాణా దుకాణం నడిచిన రోజుల్లో అంతా పుణ్యమే జరిగిందని కాదు. ఆయనా పలచటి సంచులిచ్చాడు. కానీ గల్లీ మొత్తానికి సామాను ఒక్క లారీలో దిగేది. జనం ఇంటి నుంచి సంచి తెచ్చుకునేవాళ్లు. ఖాళీ అట్టపెట్టెలు లసుమవ్వకు దక్కేవి, పాతసామాన్లవాళ్లు వాటిని కళ్లకద్దుకుని కొనేవాళ్లు. ఈ కవర్లు చూపిస్తే ముఖం తిప్పుకుంటారు. చివరికి ఊరి బయట ఎవరో ఒకరు నిప్పు పెడతారు. ఆ పొగ మింగీ మింగీ ఆమెకు నాలుగడుగులు వేస్తే పిల్లికూతలు వస్తున్నాయి. ఈ పని మానకపోతే మందులేవీ పనిచేయవని డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

అందుకే ఆ ఉదయం ఆమె చెత్తబండ్ల మనుషులకు పని పంచే జవాను వెంకటి దగ్గర నోరు విప్పింది. పది రోజుల్లో బర్రె ఈనుతుందని, పాలు పోసుకుని బతుకుతానని, తన జాగాలో ఇంకొకరిని చూసుకొమ్మని చెప్పింది. అంత ధైర్యంగా ఎవరితోనూ మాట్లాడి ఎరుగదు. చెప్పాక భయమేసింది. ఇబ్రహీంపట్నంలోని అక్క ఇచ్చిన పెయ్యను సాకి ఇంతదాన్ని చేసింది. అది నెలరోజులుగా మేత తగ్గించింది, నాలుగు రోజులుగా కుడితి కూడా ముట్టలేదు. ఈత దగ్గరపడితే అంతేనని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి బర్రె కాళ్లు చాచి పడి ఉంది. కూతురు దీవెన అప్పటికే పశువుల వైద్యం తెలిసిన మల్లేశాన్ని పిలుచుకొచ్చింది. ఆయన ఎడమ డొక్క నొక్కి చూసి, నోరు తెరిపించాడు. పళ్ల సందున బూడిదరంగు పీలిక వేలాడుతోంది.

"కవర్లు మింగింది. కడుపు మూసుకపోయింది."

"ఒక్క కవరు సుత ఎయ్యలే. అన్ని ఇప్పే పోస్త," అంది లసుమవ్వ.

మల్లేశం కొట్టం తడక వైపు చూశాడు. చలికాలం మొదలవగానే, సూడిబర్రెకు గాలి తగలకూడదని ఆమె ఆ కవర్లనే తడక నిండా వరుసగా కట్టింది. కూరల ఉప్పు వాటిని వదల్లేదు. ఆ ఉప్పు కోసం బర్రె వాటిని నాకింది, నమిలింది. ఇప్పుడు దాని నోరు అందని పై వరుస మాత్రమే మిగిలింది. కింది కవర్లు గాలికి కొట్టుకుపోతున్నాయనుకుని లసుమవ్వ వారం వారం కొత్తవి తెచ్చి కట్టింది.

ఆపరేషన్‌కు జగిత్యాల తీసుకెళ్లాలని ట్రాలీ కోసం దీవెన ఫోన్లు చేస్తూనే ఉంది. నాలుగు గంటలకు బర్రె ఒకసారి తల ఎత్తి, దించింది. మళ్లీ ఎత్తలేదు. దూడనైనా దక్కించుకుందామని మల్లేశం కడుపు కోశాడు. అది కూడా కదల్లేదు.

"సలి పెడుతదని కట్టిన బిడ్డా," అంది లసుమవ్వ. దీవెన తల్లి చేయి పట్టుకుంది. ఆ చేయి చల్లగా ఉంది.

బర్రెను తీసుకెళ్లాక వెంకటి ఫోన్ చేశాడు. ఇంకో మనిషి దొరికిందని, రేపటి నుంచే పంపమంటావా అని అడిగాడు. లసుమవ్వకు ఊపిరి అందడానికి కొంతసేపు పట్టింది.

"వద్దు సారూ. రేపు నేనే అస్త."

ఫోన్ పెట్టేసి కొట్టంలోకి వెళ్లి కూర్చుంది. ఎదురుగా కట్టుగుంజ, బర్రె రోజూ మెడ రాసుకున్న చోట నున్నగా అరిగి ఉంది. దానికి రెండు నల్లటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.