ఇప్పలగుంపు వంతు కర్ర

ఎద్దు కండ్ల ముందర నిలబడి మూత్రం పోస్తుంటే, ఆ ఎద్దే లేదన్నడు కంపెనీ వాచ్‌మన్.

నవ్వకుండ్రి. నేను కండ్లార చూసిన. మా ఇప్పలగుంపు నుంచి అడవిలకు పోయే దారి మొదట్ల, కొత్తగ పాతిన ముళ్ళకంచె కాడ జరిగింది. మా కన్నమ్మ చిన్నమ్మ పొద్దున్నే మందను తోలుకపోతుంటే ఆపిండ్రు. వాచ్‌మన్ ఫోను తీసి ఒక ఎద్దు చెవికున్న పచ్చ ట్యాగు మీద పెట్టిండు. టింగుమన్నది.

"ఈ నంబరు తీసేసినట్టు చూపెడ్తంది. ఈ ఎద్దు రికార్డుల లేదు."

"లేకపోతే నీ కాలు తొక్కింది ఏందిరా?" అన్నది చిన్నమ్మ.

ఇంకోదాని చెవి పట్టిండు. టింగు. మరొకటి. టింగు. అన్నీ తీసేసినయే. రికార్డుల లేని గొడ్లు అడవిలకు పోవద్దట, పైనుంచి పర్మిషన్ ఉన్నదట. ఎవని పర్మిషనో చూపెట్టమంటే చూపెట్టలే. చిన్నమ్మ కర్ర అడ్డం పెట్టింది. నెట్టేసిండ్రు. అరవై ఏండ్ల మనిషి ముండ్ల మీద పడ్డది. మోచెయ్యి చీరుకపోయి నెత్తురు కారుతుంటే, ఆమె దుక్కిటెద్దుల జతను గుంజుకపోయి కంపెనీ బందెలదొడ్డిల కట్టేసిండ్రు. అప్పుడే తొలి వాన పడ్డది. దుక్కులు మొదలైనయ్. ఎద్దులు లేకుంటే ఆమె చేను ఈ ఏడు బీడే.

ఇప్పుడు అసలు మాట చెప్త. ఆ పచ్చ ట్యాగులు ఆ గొడ్ల చెవులకు కొట్టింది నేనే.

నా పేరు జంపయ్య. కోయోన్ని. పది ఊర్లకు గోపాలమిత్రను, అంటే పశువులకు సూదులేసేటోన్ని. పాల్వంచ ప్లాంటు కార్మికులన్నలు, కాలేజీ పిల్లలు పిలిచిండ్రని ఈ పొద్దు మీ ముందరికి వచ్చిన. బెయిలు మీద ఉన్న. కంపెనీ పేరు చెప్పొద్దన్నడు మా వకీలు. గేటు మీద పచ్చాకు బొమ్మ ఉంటది, చూస్తే గుర్తుపడ్తరు.

ఆకుబొమ్మ కంపెనీల మూడు వేల దున్నపోతులున్నయ్. కింది జిల్లాల డెయిరీలకెల్లి మగ దూడలను లారీలల్ల తెస్తరు. మక్కలు, సోయా పిండి పెట్టి బలిపించి, కోసి, మాంసం ఓడకెక్కిస్తరు. తప్పు పట్టకుండ్రి, మేము గొడ్డు తినేటోళ్ళమే. పండుగకు ఒకటి కోస్తే ఊరంత కుప్పలేసి పంచుకుంటం. తిండి మీద మాకేం లొల్లి లేదు. కండువాలేసుకొని ఇద్దరు వచ్చిండ్రు గూడెంలకు, గోవుల కోసం మీతోని నిలబడ్తం అని. "మిమ్మల్ని ఎవరు పంపిండ్రు? వాగు చచ్చినప్పుడు యాడికి పోయిండ్రు?" అని మా ఊరి పెద్ద బొజ్జయ్య తాత అడిగితే మళ్ళ రాలే.

అవ్, వాగు చచ్చిపోయింది. ఏడు బోర్లేసిండ్రు కంపెనోళ్ళు. చెరువంత గుంట తవ్వి పేడనీళ్ళు వదిలిండ్రు. వాన పడితే ఆ గుంట పొంగి వాగుల కలుస్తది. చేపలు తెల్లగ తేలినయ్. మా గొడ్లు ఆ నీళ్ళ వాసన చూసి తల తిప్పుకుంటయ్. తాగే నీళ్ళ కోసం అడవిల పైనున్న ఊట కాడికే పోవాలె. ఆ దారికే కంచె కట్టిండ్రు. అర్థమైతుందా? ఆ దారి పోతే మా మంద లేదు, మంద లేకుంటే మా పోడు సాగు లేదు.

నేనెట్ల మోసపోయిన్నో చెప్పాలంటే మా వంతు కర్ర సంగతి చెప్పాలె. ఇప్పలగుంపుల ముప్పై ఎనిమిది ఇండ్లు, రెండొందల పన్నెండు గొడ్లు. జీతానికి కాపరి లేడు. ఇంటికొక రోజు వంతు. సాయంత్రం మందంతా ఇల్లు చేరినంక కర్రను పక్కింటి గుమ్మానికి ఆనిస్తరు. కర్ర ఎవరి గుమ్మం కాడ ఉంటే తెల్లారి మంద వాళ్ళది. ఒక్క గొడ్డు ఇల్లు చేరకున్నా వంతు అయిపోయినట్టు కాదు, దొరికేదాకా కర్ర వాళ్ళ కాడనే. ఆ పొద్దు మందకు మందు పట్టాల్నా, యాడ మేపాల్నా, వంతున్నోని మాటే ఊరి మాట. ఎందుకు చేసినవని వెనక ఎవరూ అడగరు.

గీ నమ్మకం కాడనే దెబ్బ కొట్టింది కంపెనీ.

ముందటేడు గాలికుంటు రోగం వచ్చి పద్నాలుగు గొడ్లు పోయినయ్. నా చేతుల్లనే పోయినయ్, టీకా మందు లేక. ఈ ఏడు చలికాలం రాజ్యశ్రీ మేడం వచ్చింది, కంపెనీ ఫీల్డ్ ఆఫీసర్. ఐసు డబ్బాల టీకాలు తెచ్చింది, పచ్చ ట్యాగులు తెచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు వంతు మా ఇంటిదే. టీకాకు ఒప్పుకున్నట్టు వేలిముద్ర కావాలె అన్నది.

"మీ ఒక్కరిది సరిపోతదా జంపయ్య గారూ?"

"అవ్ మేడం. వంతు నాది. మంద మొత్తానికి నాదే మాట," అని ఛాతి విరుచుకొని చెప్పిన. థూ నా బతుకు! ఆమె నవ్వుకుంట ట్యాబు ముందర పెట్టింది. వేలు పెట్టిన.

ఎద్దులను గుంజుకపోయిన రోజు మధ్యాహ్నం ఊరంత ఇప్పచెట్టు కిందికి చేరింది. అప్పుడొచ్చిండు భద్రు. వాగు అవతల తండా లంబాడోడు, కంపెనీ షెడ్లల్ల పేడ కడిగే కూలి. పోడు కాడ తండాకు మాకు పాత తగాదాలున్నయ్. మావోళ్ళు మూతులు ముడిచిండ్రు. నాకైతే నూరు అనుమానాలు. కంపెనీ కూడు తినేటోడు మాకెందుకు చెప్తడు?

భద్రు ఫోనుల ఒక కాగితం ఫోటో చూపెట్టిండు. "ఆఫీసు గోడకు అంటించిండ్రు. మంగళవారం పట్నం నుంచి తనిఖీ సార్లు వస్తున్నరు. భూమికి మేలు చేసేటోళ్ళని పచ్చ సర్టిఫికెట్ ఇస్తరట. మీ రెండొందల పన్నెండు గొడ్లను అడవి నుంచి తీసేసినం, గంత గాలి తగ్గించినం అని రాసుకున్నరు. దానికి మీరు ఒప్పుకున్నట్టు కింద వేలిముద్ర ఉన్నది. దాన్ని చూపెట్టి ఇంకో రెండు షెడ్లు కడ్తరు."

"గాలేందిరా?" అన్నడు మావోడొకడు.

"గొడ్డు నెమరేస్తే తేన్పులల్ల గ్యాసు వస్తదట. భూమి వేడెక్కుతదట."

జనం పడిపడి నవ్విండ్రు. నేను నవ్వలే. "అది అబద్ధం కాదు," అన్న. "ట్రైనింగుల చెప్పిండ్రు మాకు. మన ఎద్దు తేన్చినా వస్తది, వాళ్ళ దున్న తేన్చినా వస్తది. మరి మనయి తీసేసి వాళ్ళయి పెంచుతె ఏం తగ్గినట్టు?"

నవ్వు ఆగింది. బొజ్జయ్య తాత ఫోటో నా ముఖం ముందర పెట్టిండు. "కింద వేలిముద్ర ఎవనిదిరా?"

చెప్పిన. దాచలే. నా పెండ్లాం తలొంచుకున్నది. "నీకేం ముట్టింది?" అన్నడొకడు. నా చేతి టీకాలతోని బతికిన దూడలున్నోడే ఆ మాట అన్నది. తాత అందరినీ చూసి, "జంపయ్య గుమ్మానికి ఇక కర్ర ఆనొద్దు" అన్నడు. ఎవరూ కాదనలే. కన్నమ్మ చిన్నమ్మ తర్వాతి వంతు మాదే, తాతది మా తర్వాత. ఇక మా ఇల్లు దాటేసి పోతది కర్ర. అన్నలారా, జైలు చూసిన, లాఠీ చూసిన, ఆ మాటంత నొప్పి యాడ లేదు.

తెల్లారి రాజ్యశ్రీ మేడం వచ్చింది, బిస్కెట్ పాకెట్లతోని. ఒక్కరూ ముట్టలే. ఆమె బొమ్మలు చూపెట్టుకుంట మొదలుపెట్టింది.

"మా దున్న రెండేండ్లల్ల ఎదుగుతుంది. మీ పశువు ఏండ్ల తరబడి అడవిలో తిరుగుతుంది. కిలో మాంసానికి లెక్క కడితే మీ పశువుదే ఎక్కువ గ్యాస్. అడవి కోసం, మీ పిల్లల కోసమే చెప్తున్నం."

"నా ఎద్దును కిలోలల్ల చూసినవా బిడ్డా?" అన్నది చిన్నమ్మ, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళ పెట్టుకొని. "ఎనిమిదేండ్లు దున్నింది. కట్టెలు మోసింది. చేనుకు ఎరువేసింది. నీ దున్న ఏం దున్నింది?"

నేను వెనకాల నిలబడ్డ. నన్నెవరూ మాట్లాడమనలే. అయినా అడిగిన. "ఆ కిలో లెక్కల మక్క చేన్లున్నయా మేడం? బోర్ల కరెంటు? లారీలు, ఓడ పొగ? పేడ గుంటల బుగ్గలు లేస్తయి చూడు, ఆ గ్యాసు?"

ఆమె ముఖం మాడింది. "నాకిచ్చిన ఫారంల ఆ గడులు లేవు," అన్నది మెల్లగ. ఆమె కూడా ఎవని కిందనో నౌకరీ చేసేదే, తెలుసు. కానీ నమ్మను. ఒకసారి నమ్మినందుకే ఇంత చేటు.

మంగళవారం పది గంటలకు మంద కంపెనీ గేటు కాడికి పోయింది. రెండెద్దులు తప్ప రెండొందల పది గొడ్లు, ముప్పై ఎనిమిది ఇండ్ల జనం, బిందెలల్ల వాగు నీళ్ళు. ముందర చిన్నమ్మ. ఎద్దులు ఇల్లు చేరలే కాబట్టి కర్ర ఇంకా ఆమెదే. నేను అందరికంటే వెనక. ఇంతల వాగు దిక్కు దుమ్ము లేచింది. తండా గొడ్లు, తండా జనం. భద్రు వాళ్ళకు చెప్పి పంపిండు, తను మాత్రం డ్యూటీకని కంపెనీ లోపలనే ఉన్నడు. నా అనుమానాలకు నాకే సిగ్గయింది.

తనిఖీ సార్లు ఇద్దరు తెల్ల టోపీలతోని కారు దిగిండ్రు. మేనేజరు ఉరికొచ్చి, "ఇవి ఇక్కడి పశువులు కావు సార్, ఎక్కడినుంచో తోలుకొచ్చిండ్రు," అన్నడు.

నేను జనాన్ని తోసుకొని ముందరికొచ్చి నా ఫోను తీసి ఆవు చెవికి పెట్టిన. టింగు. తీసేసినట్టు. ఎద్దుకు పెట్టిన. టింగు. సార్ల ముఖం ముందరనే ఇరవై గొడ్లను చూపెట్టిన. ఒక ముసలావు పెద్ద సారు బూటు మీద పేడ వేసింది. లేని ఆవు!

పెద్ద సారు కాగితం తిరగేసిండు. "మరి యజమానుల అంగీకారం ఉంది కదా. జంపయ్య అని వేలిముద్ర."

అందరి కండ్లు నా మీదనే. బొటనవేలు పైకెత్తిన. "ఆ వేలు ఇదే సార్. టీకా కోసమని అడిగితే వేసిన. మందను తీసెయ్యమని కాదు."

"చదువుకున్నోనివి, ఇప్పుడు మాట మారుస్తవా?" అని అరిచిండు మేనేజరు. "మంద మొత్తానికి నీదే మాట అన్నవా లేదా?"

చిన్నమ్మ కర్ర నేలకు కొట్టింది.

"అన్నడు! ఆ పొద్దు వంతు వానిది. వాని ఒక్క వేలు మంద మొత్తానికి చాలింది మీకు. ఈ పొద్దు వంతు నాది. నేను ఒప్పుకోనంటున్న. రాస్కో!"

"ఒప్పుకోం!" అన్నది జనం. తండా కూడా అన్నది. సారు ఏదో రాసిండు. ఏం రాసిండో ఈనాటికీ మాకు తెల్వదు. నేనైతే నమ్మను.

అంతల పోలీసు వ్యాన్లు. ఎస్సై దిగుతనే, "లీడరెవడ్రా?"

"లీడరు లేడు సారూ, వంతున్నది," అన్నడు బొజ్జయ్య తాత.

"కర్ర పట్టుకున్నదాన్ని ఎక్కించండి!"

అదే నిమిషాన లోపల బందెలదొడ్డి గేటు కిర్రుమన్నది. భద్రు తెరిచిండు, అతని నౌకరీ ఆ కిర్రుతోనే పోయింది. రెండెద్దులు బయటికొచ్చి నెమ్మదిగ నడుచుకుంట మందల కలిసినయ్. చిన్నమ్మ వాటి మూపులు నిమిరింది. ఏడ్చింది. "మంద నిండింది. నా వంతు అయిపోయింది," అన్నది.

కర్ర కోసం తాత చెయ్యి చాచిండు. చిన్నమ్మ ఇయ్యలే.

"వరస తప్పొద్దు మామా."

తాత ఆమె కట్టు చెయ్యిని చూసిండు, నన్ను చూసిండు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నడు. చిన్నమ్మ కర్ర నా చేతుల పెట్టి, తనంతట తనే వ్యాను ఎక్కింది.

నేను మందను మలిపిన. గేటు కాన్నుంచి సీదా అడవి దారికి. కంచె కాడికి పోయేసరికి ఆడోళ్ళు గుంజలు పీకుతున్నరు. సాయంత్రం దాకా ఊట కాడ మేపి, రెండొందల పన్నెండూ ఇల్లు చేర్చి, ఒక్కొక్కదాన్ని తడిమి చూసుకొని, కర్రను బొజ్జయ్య తాత గుమ్మానికి ఆనించిన. వెనక్కి తిరిగితే జీపు నా ఇంటి ముందర ఉన్నది.

తెల్లారి మందను తోలినందుకు తాతను పట్టుకపోయిండ్రు. ఆ తర్వాత ఆయన పక్కింటామెను. నిన్నటికి పదకొండు మందిమి అయినం. చిన్నమ్మకు ఇంకా బెయిలు రాలే. ఆమె చేను మేమే దున్నినం, ఆమె ఎద్దులతోనే. మంద ఒక్కనాడు కూడా అడవికి పోకుండ లేదు.

మొన్న మా మందను, తండా మందను కలిపేసినం. వంతు ఇప్పుడు తొంభై ఇండ్లకు. నేను వచ్చేముందు కర్ర వాగు దాటింది, భద్రు గుమ్మానికి ఆనించి ఉన్నది. రేపు మందను తోలేది అతని పెండ్లాం సోమ్లి. జీపు వస్తే రానియ్యుండ్రి. పక్కింటోళ్ళు లేచే ఉంటరు.