మా ఇష్టపూర్వకంగా

పదకొండింటికల్లా మంచం ఖాళీ చేయమన్నారు. పదీ ఇరవై కూడా కాకముందే ఆయా వచ్చి దిండు గలీబు లాగేసింది. పిల్ల ఇంకా ఆ మంచం మీదే ఉంది.

"కాస్త ఆగమ్మా, పిల్లకి ఆయాసంగా ఉంది" అంది తల్లి.

"నేనాగితే నా పైవాళ్లు ఆగుతారా? ఇంకో పిల్లాణ్ణి తెస్తున్నారు" అంటూ ఆయా దుప్పటి కూడా చుట్టబెట్టింది. పిల్లను మాత్రం నొప్పి కలగకుండా పక్కకి జరిపింది. మంచి మనిషే, పాపం. మంచితనం చూపించడానికి ఆమె ఉద్యోగంలో అంతకంటే చోటు లేదు.

పిల్లకి ఏడేళ్లు. పెదవులూ గోళ్లూ నీలం. బడిలో పిల్లలు సిరాబుడ్డి అని పేరు పెడితే ఏడవడం మానేసి, "అవును, మూత తీశారంటే మీ చొక్కాలన్నీ పాడవుతాయి" అని ఎదురు బెదిరించిన గడుగ్గాయి. పది అడుగులు నడిచిందంటే ఉన్నచోటే గొంతుక్కూర్చుని, మోకాళ్లు గుండెకి అదుముకుంటుంది. అలా కూర్చుంటే ఊపిరి అందుతుందని ఆ పిల్లకి ఏ డాక్టరూ చెప్పలేదు. తనే కనిపెట్టుకుంది.

నాయనమ్మ గిన్నెలూ బట్టలూ మూటగడుతోంది. పిల్ల తండ్రి లోడుతో లారీ మీద పోయాడు. ఫోన్ చేస్తే, "నీకెలా తోస్తే అలా చెయ్" అన్నాడు. తోచకే కదా ఫోన్ చేసింది.

అప్పుడొచ్చాడు రిజిస్టరాయన. చంకలో పెద్ద పుస్తకం, చేతిలో ఒక కాగితం, చెవి మీద పెన్ను. ఇరవై ఏళ్లుగా ఈ ఆస్పత్రిలోకి వచ్చిన పిల్లలనీ, వెళ్లిన పిల్లలనీ రాసేది ఈయనే.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. ఇది చూపిస్తే కిందన నెలకి సరిపడా మాత్రలిస్తారు. ఇక మీరు బయల్దేరొచ్చు."

తల్లి కాగితం అందుకుంది. ఎనిమిదో తరగతి దాకా చదివింది. పైగా చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగు పని ఆమెది. ఏ కుట్టునైనా, ఏ కాగితాన్నైనా చివరిదాకా చూడందే చేతిలోంచి వదలదు. అక్కడ ఆమెని డేగకళ్లు అంటారు.

"ఆపరేషన్‌లో ఉన్న ప్రమాదాన్ని డాక్టర్లు మాకు వివరించారు. మేము మా ఇష్టపూర్వకంగా ఆపరేషన్ వద్దనుకుంటున్నాము" అని ఉంది అందులో.

ఆమె రెండుసార్లు చదివింది.

"వద్దని ఎవరన్నారు సార్?"

"అందరి దగ్గరా తీసుకునేదేనమ్మా."

"అందరూ వద్దన్నారేమో. మేమనలేదు."

నిజానికి ఆమె ఏడేళ్లుగా అంటున్నది ఒకటే మాట, చేయమని. పిల్లకి ఆరో నెలలో ఇక్కడే గుండె దగ్గర చిన్న గొట్టం వేశారు. ఇది తాత్కాలికమనీ, రెండేళ్లు నిండాక అసలు ఆపరేషన్ చేస్తామనీ చెప్పారు. రెండేళ్లకి వస్తే జాబితా నిండిపోయిందన్నారు. మూడేళ్లకి తేదీ ఇచ్చి, ఆ ముందురోజు మిషన్ పాడైందన్నారు. ఆ తర్వాత రెండుసార్లు జ్వరమని వాయిదా, ఒకసారి పెద్ద డాక్టరు సెలవులో ఉన్నారని వాయిదా. ఆస్పత్రికొచ్చినప్పుడల్లా ఆ రోజు కూలి పోయేది, ఆ నెల హాజరు బోనసూ పోయేది. చివరికి పోయిన వారం పిల్ల తొడలోంచి తీగ పంపి చూశారు. ఊపిరితిత్తులకి వెళ్లే రక్తనాళాలు ఎదగకుండా దారప్పోగుల్లా ఉండిపోయాయట. బెలూనుతో వెడల్పు చేద్దామంటే తీగే ముందుకు పోలేదట. "ఇంత ఆలస్యంగా తెస్తే ఎలాగమ్మా?" అన్నాడు పెద్ద డాక్టరు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని కూడా అన్నాడు. ఆ చేతులు ఎవరు కాల్చారో ఆయన అడగలేదు.

సోమవారం డాక్టర్లంతా కూర్చుని, ఆపరేషన్ లేదని తేల్చారు. ఆ సాయంత్రం చిన్న డాక్టరమ్మ మంచినీళ్ల కుళాయి దగ్గర తల్లికి ఒక్కర్తెకే కనిపించింది.

"చేయకపోతే ఏడాది, మహా అయితే రెండేళ్లు" అందామె, గ్లాసులోకి చూస్తూ.

"చేస్తే?"

"ఇలాంటి పిల్లలు పదిమందిలో ఆరుగురు బతుకుతారు."

"ఆరుగురంటే సగం కంటే ఎక్కువే కదా డాక్టరమ్మా!"

"ఎక్కువే. కానీ ఇక్కడ ఆ లెక్క పనికిరాదమ్మా" అని, నీళ్లు తాగకుండానే వెళ్లిపోయింది.

ఆ మాట తల్లికి అప్పుడు అర్థం కాలేదు. మర్నాడు రొట్టె కొనడానికి కిందకి దిగినప్పుడు, గుమ్మంలో అద్దాల వెనక బోర్డు కనబడింది. ఈ ఏడాది పిల్లల గుండె ఆపరేషన్లు రెండువందల పన్నెండు, విజయం తొంభై ఎనిమిది శాతం. పక్కనే ఒక షీల్డు. ఆమె చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

ఫ్యాక్టరీలో ఆమె లైనుకీ ఒక షీల్డుంది. వంద చొక్కాల్లో తిరిగొచ్చేవి రెండే. ఎలా అంటే, నేతలో లోపమున్న గుడ్డని సూపర్‌వైజరు అసలు మిషన్ ఎక్కనివ్వడు. జాగ్రత్తగా కుడితే పనికొచ్చేదైనా సరే, "గుడ్డ పంపినవాళ్లే వెనక్కి తీసుకున్నారు" అని చీటీ రాసి పంపేస్తాడు. కుట్టనిది చెడదు కదా! తొమ్మిదేళ్లుగా ఆ చీటీల కింద చెకింగు సంతకం ఆమెదే. గుడ్డే కదా అనుకుంది. ఎవరికి నష్టం అనుకుంది. బోర్డు ముందు నిలబడితే ఒళ్లంతా సిగ్గేసింది ఆమెకి.

"ఏంటమ్మా ఆలోచన?" రిజిస్టరాయన చెవి మీది పెన్ను తీసి ఇచ్చాడు.

"పెట్టేయవే అమ్మాయ్" అంది అత్త మూట ముడి బిగిస్తూ. "పెద్దవాళ్లతో మనకెందుకు? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మాత్రలు కూడా ఆపేస్తారు. అవీ లేకపోతే బుడ్డిది నాలుగు రోజులు కూడా..." ఆమె మిగతాది మింగేసింది.

తల్లికి తెలుసు. పర్సులో ఎనిమిది మాత్రలున్నాయి, రోజుకి రెండు. అవి ఒక పూట తప్పినా పిల్ల నల్లబడి, కళ్లు తేలేసి, నిమిషాల తరబడి ఉలకదు పలకదు. పెన్ను తీసుకుంది. కాగితాన్ని మంచం ఇనుప చట్రం మీద పెట్టింది.

"సార్, ఇది పెట్టకపోతే ఏమవుతుంది?"

ఆయనకి విసుగొచ్చింది. విసుగులోనే మనుషుల నోట నిజం జారుతుంది. "ఏమవుద్ది? ఫైలు మూయడం కుదరదు. పిల్ల పేరు జాబితాలో అలాగే ఉంటుంది. జాబితాలో ఉండగా రేపేదన్నా అయితే మా లెక్కలో పడుతుంది. నా ప్రాణానికి పై నుంచి వంద ప్రశ్నలు."

"పెడితే?"

"మీరే వద్దన్నట్టు. మీ దారి మీది."

ఆమె పిల్ల వంక చూసింది. దుప్పటి లేని రెగ్జిన్ పరుపు మీద పిల్ల వేలితో ఇల్లు గీస్తోంది. గీసిన గీత గీసినట్టే మాయమవుతోంది.

తల్లి పెన్ను తిరిగి ఇచ్చేసింది.

"అయితే నా పిల్ల మీ లెక్కలోనే ఉండనివ్వండి సార్."

"మాత్రలివ్వరమ్మా! అర్థమవుతోందా?"

"అవుతోంది" అందామె. భయం లేక కాదు, ఒళ్లంతా భయమే. "చేయలేమని మీరు రాయండి. అందుకు సాక్షి సంతకం కావాలంటే పెడతాను. నేను వద్దన్నానని మాత్రం పెట్టను."

రిజిస్టరాయన పుస్తకం తెరిచాడు. పిల్ల పేరు ఎదురుగా రెండే గళ్లున్నాయి. చేసినది ఒకటి, కుటుంబం వద్దన్నది ఒకటి. మూడో గడి లేదు. ఇరవై ఏళ్లలో దాని అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. ఎంతమంది రెండో గడిలో ఉన్నారో వేలు పెట్టి చూసి, ఆ పేజీ తిప్పి, ఇంకో పేజీ తిప్పి, పుస్తకం మూసేశాడు.

"పైన కనుక్కొస్తాను" అని వెళ్లాడు. తిరిగి రాలేదు.

పదకొండయింది. కొత్త దుప్పటి పరిచారు. వేరే పిల్లాణ్ణి తెచ్చి పడుకోబెట్టారు. వాడి తల్లి వీళ్లని చూసి, దేనికో తెలియకుండానే క్షమించమన్నట్టు తల వంచింది. గార్డు వచ్చి, వార్డులో ఉండకూడదన్నాడు. అత్త మూట ఎత్తుకుంది.

ముగ్గురూ మెట్లు దిగారు. గుమ్మం దాకా వచ్చేసరికి పిల్లకి ఊపిరి చాల్లేదు. అద్దాల బోర్డు కిందే గొంతుక్కూర్చుని, మోకాళ్లు గుండెకి అదుముకుంది. లోపలికొచ్చేవాళ్లు పిల్లని తప్పించుకుని పోతున్నారు.

"ఇక్కడ కూర్చోకూడదు, లేపండి" అన్నాడు గార్డు.

తల్లి లేపలేదు. పర్సులోంచి మాత్ర తీసి పిల్ల నోట్లో వేసింది. తనూ పక్కనే నేల మీద కూర్చుంది. అత్త ఒక క్షణం చూసి, మూట దించి, దాని మీద కూలబడింది.

ఇంక ఏడు మాత్రలున్నాయి.