పిల్లాడి పెట్టె

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. ఆ మహానుభావుడి వంశమంతా తన ఇంట్లోనే కాపురం పెట్టిందని ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఈత టీచరుకి తెలిసొచ్చింది.

మంచం మీద పెద్ద పెట్టె నోరు తెరుచుకుని ఉంది. తను, భర్త, అత్తగారు, రెండేళ్ళ బుజ్జిగాడు కలిసి విమానమెక్కి సముద్రం ఒడ్డున ఉన్న ఓ వేడి దేశానికి వెళ్తున్నారు. చవక టికెట్లు కొన్నారు కాబట్టి నలుగురికీ కలిపి ఒక్కటే పెట్టె. అది ఇరవై కిలోలు దాటకూడదు. చేతిసంచులు రెండూ బుజ్జిగాడి డయపర్లతోనూ, పాలసీసాలతోనూ అప్పటికే ఉబ్బిపోయి ఉన్నాయి. ఇక ఈ పెద్దదానికి ఇంట్లో వాళ్ళు పెట్టిన పేరు పిల్లాడి పెట్టె.

పేరుకే పిల్లాడిది. వాడి పేరు చెప్పుకుని అందులోకి దిగిన సామాను చూస్తే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. భర్తగారు మూడు కాళ్ళ ఫొటో స్టాండు పెట్టాడు. ఎందుకయ్యా అంటే పిల్లాడి ఫొటోలు తీయాలట. కొత్త బూట్లు పెట్టాడు, పిల్లాణ్ణి ఎత్తుకుని ఇసకలో నడవాలంటే అవి ఉండాలట. ఇస్త్రీపెట్టె కూడా పెట్టాడు, పిల్లాడి బట్టలకట. రెండేళ్ళవాడి నిక్కరుకి ఇస్త్రీ చేసే ఇల్లు భూమ్మీద ఎక్కడైనా ఉందా? అత్తగారేం తక్కువ తినలేదు. ఉన్ని టోపీ, ఉన్ని మేజోళ్ళు, పైన ఓ స్వెట్టరు తెచ్చి పేర్చింది. నిలబడితే చెమటలు కారే చోటికి స్వెట్టరెందుకు అత్తయ్యా అంటే, సముద్రపు గాలి సంగతి నీకేం తెలుసని కోడలికే ఎదురు పాఠం చెప్పింది. ఆ వెనకే వేడినీళ్ళ రబ్బరు సంచి వచ్చింది. పిల్లాడికి కడుపులో నొప్పి వస్తే పనికొస్తుందట. ఆ సంచి అత్తగారి మోకాళ్ళ మీద తప్ప ఇన్నేళ్ళలో ఎవరి కడుపు మీదా కనిపించిన పాపాన పోలేదు.

బుజ్జిగాడు మాత్రం మంచం చుట్టూ తిరుగుతూ ప్రతి వస్తువునీ తట్టి "నాది" అంటున్నాడు. వాడికి వచ్చిన పది మాటల్లో వాడికి బాగా ఇష్టమైనది అదే. స్టాండు నాది, బూట్లు నాది, నానమ్మ కళ్ళజోడు కూడా నాది.

ఈత టీచరు పెట్టుకున్నవి మూడే మూడు: నల్లటి స్విమ్ సూట్, ఈత కళ్ళద్దాలు, కాళ్ళకి తొడుక్కునే రబ్బరు రెక్కలు.

అసలు ఈ ప్రయాణం ఆమె ఆలోచనే. చిన్నప్పటి నుంచి ఈత కొడుతున్నా ఆమె ఒంటికి సముద్రపు నీళ్ళు తగలలేదు. తెలిసిందంతా నాలుగు గోడల మధ్య, క్లోరిన్ వాసన కొట్టే కొలను నీళ్ళే. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎక్కడెక్కడి సముద్రాల్లోనో మునిగి తేలి, మీ చలవే టీచర్ అంటూ ఫొటోలు పంపేవారు. పోనీ ఆ కొలనులోనైనా సుఖముందా అంటే, బుజ్జిగాడు పుట్టాక ఆమెని పసిపిల్లల చిన్న కొలనుకి మార్చేశారు. మీకూ చిన్నపిల్లాడు ఉన్నాడు కదా, మీకు బాగుంటుంది అన్నాడు మేనేజరు. రెండేళ్ళుగా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఊళ్ళోవాళ్ళ పిల్లల చేత బుడగలు ఊదిస్తోంది. ఒళ్ళంతా తడవని ఈత టీచరంటే వంట రాని వంటమనిషితో సమానం. అందుకే ఏ హోటలు మెట్లు దిగితే నేరుగా నీళ్ళలో అడుగు పడుతుందో వెతికి వెతికి పట్టుకుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కాళ్ళకి నేల అందని చోట ఈదాలి. ఆమె కోరిక అంతే.

భర్త కాటాల మెకానిక్. చుట్టుపక్కల దుకాణాల్లో ఏ కాటా తేడాగా తూచినా ఆయన్నే పిలుస్తారు. తన వృత్తి ఇన్నాళ్ళకి ఇంటికి అక్కరకొచ్చిందని పొంగిపోయి, వర్క్‌షాపు నుంచి ఓ కాటాని కారు వెనక సీట్లో, పెళ్ళికొడుకుని తెచ్చినంత భద్రంగా తెచ్చాడు. పెట్టెని దాని మీదకెక్కించి, వంగి చూసి, పెదవి విరిచాడు. ఇరవై ఆరు దాటింది.

దాంతో కోతలు మొదలయ్యాయి. ఆయన పెట్టెలోకి చెయ్యి పెట్టి, అన్నిటికన్నా ముందు రబ్బరు రెక్కలు పైకి తీశాడు.

"వీటితో పనేంటి అక్కడ?"

"ఈత కొట్టడానికి."

"పిల్లాణ్ణి వేసుకుని వెళ్తున్నాం. నీకు ఈత కొట్టే తీరిక ఎక్కడుంటుంది?"

మాటలో కోపం లేదు, వెటకారం లేదు. రాత్రిపూట గొడుగెందుకని అడిగినంత మామూలుగా అడిగాడు. ఆ మామూలుతనమే ఆమెకి కారం రాసినట్టుంది. పిల్లాడితో వెళ్తూ ఈయనకి ఫొటోలు తీసే తీరిక ఉంటుంది, బూట్లేసుకుని షికారు తిరిగే తీరిక ఉంటుంది. తీరిక లేనిది ఎవరికయ్యా అంటే ఆమెకి. ఆ మాటే అడిగేసింది. ఆయన పెద్దమనసు చేసుకున్నవాడిలా ఓ దారి చూపించాడు.

"సరే, వాడికి ఈత నేర్పిస్తాననుకో. అలాగైతే పెట్టేద్దాం."

ఒక్క అబద్ధం చాలు. ఇంటిల్లిపాదీ ఆడుతున్నదే, ఆమె కూడా ఆడితే పోయేదేముంది? కానీ నోరు రాలేదు. రెండేళ్ళుగా తిన్నా పిల్లాడి కోసమే, పడుకున్నా పిల్లాడి కోసమే. కనీసం మునగడమైనా తన కోసం మునగాలని ఆమె పంతం.

"నేర్పించను. ఇవి నా కోసం," అంది.

ఆ ఇంట్లో ఎవరూ వాడని మాట ఆమె వాడింది. అత్తగారు స్వెట్టరు మడత సరిచేసుకుంటూ కూర్చుంది. భర్త రెక్కల మీద కళ్ళద్దాలు పెట్టి, వాటి మీద స్విమ్ సూట్ పెట్టి, మూడింటినీ మర్యాదగా బీరువాలో పెట్టేశాడు. ఆ తర్వాత బూట్లు, ఇస్త్రీపెట్టె, వేడినీళ్ళ సంచి, ఓ పాలపొడి డబ్బా కూడా తీస్తే గానీ ముల్లు ఇరవై దగ్గరికి రాలేదు. స్విమ్ సూటునైనా చేతిసంచిలో డయపర్ల కింద దాచెయ్యొచ్చునని ఆమెకి తట్టకపోలేదు. దాచుకుని తీసుకెళ్ళడానికి అదేమైనా దొంగసొమ్మా? అలా వద్దనుకుంది. వద్దనుకుని ఉడికిపోయింది.

తెల్లారింది. మధ్యాహ్నం బయల్దేరాలి. ఆమె బుజ్జిగాడి వెనక అన్నం గిన్నె పట్టుకుని తిరుగుతోంది. వాడు వెళ్ళి కాటా ఎక్కి కూర్చుని, అలవాటు ప్రకారం "నాది" అన్నాడు. ముద్ద పెడదామని వంగిన ఆమె కన్ను ముల్లు మీద పడింది. పద్నాలుగు దాటి ఉంది.

ప్రయాణమని మొన్ననే వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ సరిగ్గా పదకొండు. మధ్యలో వీడేమైనా గుమ్మడికాయ మింగాడా? మింగే పిల్లాడైతే ఈ ముద్దలు పట్టుకుని ఇల్లంతా ఎందుకు తిరుగుతుంది? గిన్నె కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఇంకా మూతి విప్పని పదికిలోల పిండి సంచిని ఈడ్చుకొచ్చి, పిల్లాణ్ణి దింపి, దాన్ని ఎక్కించింది. ముల్లు పదమూడు దగ్గర ఆగింది.

భర్తని పిలిచింది. సంచి మీద రాసి ఉన్న పది కిలోలు, కింద ముల్లు, రెండూ వేలితో చూపించింది. ఆయన మొదట సంచినే అనుమానించాడు. ఆడలేక మద్దెల ఓడు అనడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. తర్వాత వంగి కాటాని చూశాడు. చూసి, తల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

అది కూరగాయల దుకాణంవాడిదట. ఉన్నదానికంటే ఎక్కువ తూస్తోందని కొనేవాళ్ళు తగువులాడితే బాగు చెయ్యమని ఇచ్చాడట. మంచి కాటాలు వర్క్‌షాపులో నాలుగున్నాయట. మరి దీన్నే ఎందుకు తెచ్చారని అడిగితే ఆయన చెప్పిన జవాబు విని ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కారు కుదుపులకి మంచివి పాడైపోతాయని భయపడ్డాడట. ఇదెలాగూ పాడైపోయినదే కదా, ఏమైనా పరవాలేదని తెచ్చాడట. తెచ్చాక, ఆ సంగతి మర్చిపోయి దాంతోనే తూచాడు. దీపం కింద చీకటి అంటారు. ఈ దీపం ఏకంగా తన వత్తిని తానే ఊదేసుకుంది.

"అయితే ఏముంది, మంచిదేగా! ఇంకా నాలుగైదు కిలోలు పెట్టుకోవచ్చు," అన్నాడు తేరుకుని.

ఆ మాట గదులు దాటి అత్తగారికి వినపడింది. తర్వాత జరిగిందంతా ఈత టీచరు గుమ్మంలో నిలబడి కళ్ళారా చూసింది. ఇస్త్రీపెట్టె తిరిగొచ్చింది. బూట్లు తిరిగొచ్చాయి. వేడినీళ్ళ సంచి తిరిగొచ్చింది. దానితో పాటు రాత్రి ఊసే లేని ఓ దుప్పటి కూడా వచ్చింది, పిల్లాడికి హోటలు దుప్పట్లు పడవట. చోటంతా నిండిపోయింది. బీరువా తలుపు ఎవరూ తెరవలేదు. తప్పుడు తూకం వల్ల ఆమెవి పోయాయి, సరే. తూకం సరైంది కదా, మరి ఇప్పుడెందుకు పోయినట్టు? అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. వాళ్ళు కావాలని వదిలేసినా ఆమె ఓర్చుకునేదేమో. ఎవరికీ గుర్తే రాలేదు. ఆమె గుండె భగ్గుమంది.

నేరుగా వెళ్ళి పెట్టెని రెండు చేతులా ఎత్తి మంచం మీద బోర్లించింది. ఫొటో స్టాండు దొర్లి కింద పడింది. బుజ్జిగాడు చప్పట్లు కొట్టాడు.

బీరువా తీసి, రెక్కలు, కళ్ళద్దాలు, స్విమ్ సూట్ తెచ్చి ఖాళీ పెట్టె అడుగున పెట్టింది. ఆ పైన బుజ్జిగాడి చొక్కాలు, నిక్కర్లు, పాలపొడి డబ్బాలు సర్దింది. అప్పుడు లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"పిల్లాడివి అయిపోయాయి. ఇంకా చోటుంది. ఎవరికేం కావాలన్నా పెట్టుకోండి. కానీ నా కోసం అని చెప్పి పెట్టుకోండి. వాడి పేరు మాత్రం ఎత్తొద్దు."

భర్త ఇస్త్రీపెట్టె వైపు చూశాడు. నీ కోడలేదో అంటోంది చూడు అన్నట్టు తల్లి వైపు చూశాడు. ఎవరూ ఆదుకోలేదు. చివరికి దాన్ని తీసుకెళ్ళి అటక మీద పెట్టి వచ్చాడు. వచ్చి స్టాండు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది నా కోసమే," అన్నాడు, స్కూల్లో తప్పు ఒప్పుకుంటున్నట్టు. "నేనూ ఫొటోలో పడాలని."

అత్తగారు వేడినీళ్ళ సంచి తనంతట తనే పెట్టెలో పెట్టింది. "మోకాళ్ళు" అని ఒక్క మాట అంది. దుప్పటి వెనక్కి తీసుకుంది. స్వెట్టరు, మేజోళ్ళు కూడా తీసుకుంది. ఉన్ని టోపీ మాత్రం చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఇది కూడా నా కోసమే అమ్మాయ్. వాడికి చలేస్తుందో లేదో నాకు తెలీదు. ఇది లేకపోతే నాకు నిద్ర పట్టదు."

ఈత టీచరుకి కోపం చల్లారలేదు గానీ, ఆ టోపీని అందుకుని రెక్కల పక్కన సందులో తనే దూర్చింది. బూట్ల సంగతి అడిగితే, అవి లేకపోయినా నడవగలనని భర్త తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. పెట్టె మూత సుళువుగా పడింది. విమానాశ్రయంలో తూస్తే బరువు ఇరవై దరిదాపులకి కూడా రాలేదు. ఆయన మాత్రం ఆ కాటాని కూడా ఓసారి అనుమానంగా వంగి చూసి, భార్య చూపు తగిలి లేచి నిలబడ్డాడు.

హోటలు మెట్లు దిగితే నీళ్ళే. ఆమె చూసింది చూసినట్టే ఉంది. మొదటి రోజే పొద్దున్నే దిగింది. రబ్బరు రెక్కలు చేత్తో పట్టుకుని చివరి మెట్టు దాటింది. నీళ్ళు వెచ్చగా, ఎవరో ఇప్పుడే కాచి పోసినట్టు ఉన్నాయి. ఒడ్డున భర్త బుజ్జిగాణ్ణి చంకనేసుకుని నిలబడ్డాడు. అత్తగారు కాస్త వెనక నీడలో కూర్చుంది. అంత ఎండలోనూ వాడి నెత్తిన ఉన్ని టోపీ ఉంది. కాసేపటికి వాడే పీకి పారేశాడు.

ఆమె నాలుగడుగులు లోపలికి వెయ్యగానే వాడు చెయ్యి చాపి కేకేశాడు. "అమ్మ నాది! నాది!"

ఆమె ఆగిపోయింది. నీళ్ళు మోకాళ్ళ దగ్గరున్నాయి. రెండేళ్ళుగా ఆమె ఆగిపోయిన లోతు అదే, కాళ్ళకి అలవాటైపోయింది. వెనక్కి తిరగబోయింది.

"కాదురా," అన్నాడు భర్త వాడితో. "ఇప్పుడు మీ అమ్మ నీదీ కాదు, నాదీ కాదు. వెళ్ళనీ."

ఆమె విన్నది. వినగానే మెత్తబడాలి గానీ, ముందు మళ్ళీ కోపమే వచ్చింది. ఈ ముక్క ఆ రోజు మంచం పక్కనే అనుంటే ఇంత రభస ఎందుకు? ఇంతమాత్రం అనడానికి సముద్రాలు దాటి రావాలా? అడగాల్సింది చాలా ఉంది. తిరిగొచ్చాక అడుగుదామనుకుంది. రెక్కలు తొడుక్కుంది. మోకాళ్ళ లోతు దాటింది, నడుము లోతు దాటింది. కాసేపటికి కాలు చాపి వెతికితే కింద నేల అందలేదు.